నాటు కోళ్లలో విత్తనపు పెట్టను ఎలా ఎంచుకోవాలి? కొక్కెర తెగులు నేర్పిన పాఠం



"నాటు కోడికి రోగం రాదు" అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. నేనూ నమ్మాను. మూడేళ్ల కిందట ఎండాకాలంలో కొక్కెర తెగులు వచ్చి, మా దొడ్లో 40 కోళ్లకు 6 మిగిలాయి. ఇవే గట్టి రకం అనుకుని విత్తనానికి ఉంచాను. మరుసటి ఏడాది వాటి పిల్లలు కూడా ఆకుపచ్చగా పారి, మెడలు తిరిగి చనిపోయాయి.

తప్పెక్కడ జరిగింది? తెగులు తట్టుకున్న పెట్ట ఒంట్లో తయారైన రక్షణ, గుడ్డు సొన ద్వారా పిల్లకు కొంత వస్తుంది. కానీ అది కొద్ది వారాలే ఉంటుంది. ఆ రక్షణ వంశంలో నిలిచే గుణం కాదు.

కాబట్టి ముందు టీకా. పసుపు, వేపాకు పెట్టండి, తప్పులేదు. ఈ వైరస్‌ని మాత్రం అవి ఆపవు. 5–7 రోజుల పిల్లకు లసోటా ఒక చుక్క కంట్లో వేయాలి, నాలుగో వారంలో మళ్లీ ఒకసారి. 8 వారాలకు ఆర్‌2బి టీకా, అర మిల్లీ లీటరు, రెక్క కింద చర్మంలోకి. టీకాను ఐసులో పెట్టి తేవాలి. నలతగా ఉన్న కోడికి వేయకూడదు.

మరి ఎంపిక దేనికి? చలి, వాన, తిండి తేడాలు తట్టుకునే ఒళ్లు, పిల్లల్ని కాపాడుకునే తల్లి గుణం తరతరాలకూ బలపడాలంటే ఎంపికే దారి. నేను చేసేది ఇది:

1. ప్రతి పెట్ట కాలికీ రంగు దారం కడతాను. ఎన్ని గుడ్లు పొదిగింది, 8 వారాలకు ఎన్ని పిల్లలు మిగిలాయి, నోటుబుక్కులో రాస్తాను. ఎక్కువ పిల్లల్ని దక్కించుకున్న పెట్ట గుడ్లే విత్తనానికి.

2. మందులతో నిలబెట్టిన కోడిని గుడ్లకో కూరకో వాడుకుంటాం గానీ విత్తనానికి ఉంచం. మందు వాడాక డాక్టర్ చెప్పిన గడువు దాటే వరకు అవీ ఆపాలి.

3. 8–10 పెట్టలకు ఒక పుంజు. ఏడాదికోసారి వేరే ఊరి పుంజు తెస్తాను. తండ్రీకూతుళ్లు, అన్నాచెల్లెళ్లు కలిస్తే పిల్లలు నీరసపడతాయి.

4. కొత్త పుంజును మూడు వారాలు విడిగా ఉంచాకే మందలో వదలాలి. సంతలో కొన్న కోడితోనే తెగులు ఇంటికొస్తుంది.

దారం కట్టడం, కంట్లో చుక్క వేయడం పై వీడియోలో చూపించాను. ఈ వారమే మీ పెట్టల లెక్క మొదలుపెట్టండి. ఏది మంచి పెట్టో రెండు పొదుగులు అయ్యేసరికి ఆ నోటుబుక్కే చెబుతుంది.