ముందు తరగతి తలుపు తెరవండి

అమ్ములూ,

నీ ఉత్తరం అందింది. మనీలాలో మీ సంస్థ సాయం చేస్తున్న సర్కారు బడుల కోసం, జపాన్ చదువుల నుంచి ఏమేం తీసుకోవచ్చో రాసిమ్మన్నారనీ, ఎవరిని కదిపినా జపాన్ పిల్లలు బడి ఊడ్చుకునే సంగతే ఎత్తుతున్నారనీ రాశావు. జీవితమంతా లెక్కల మాస్టారుగా గడిపి, ఇప్పుడు యోకోహామాలో మీ అక్క దగ్గర ఉంటూ మనవరాలి బడిని దగ్గర నుంచి చూస్తున్నాను గనుక నాకు తోచింది చెబుతాను. చీపురుతో మొదలుపెట్టొద్దు తల్లీ.

ఊడ్చుకోవడం మంచి అలవాటే. కానీ ఆ గుణం ఫిలిప్పీన్స్ వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2003 నుంచి అక్కడ బ్రిగాడా ఎస్క్వెలా జరుగుతోంది. బడులు తెరిచే ముందు తల్లిదండ్రులూ ఊరివాళ్లూ వచ్చి విరిగిన బెంచీలు బాగుచేసి, గోడలకు రంగులేసి వెళ్తారు. బడి మీద అంత మమకారం ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి క్రమశిక్షణ నేర్చుకోండి అనడం అన్యాయం. పైగా 1942 నుంచి 1945 దాకా ఆ దేశాన్ని ఆక్రమించి, బడుల్లో జపనీస్ నేర్పించింది జపాన్ సైన్యమే. అక్కడి పెద్దవాళ్ల ముందు జపాన్ క్రమశిక్షణ అనే మాట వాడేటప్పుడు ఇది గుర్తుంచుకో.

2022 పీసా అంతర్జాతీయ పరీక్షలో పదిహేనేళ్ల పిల్లలకు లెక్కల్లో వచ్చిన సగటు జపాన్‌లో 536, ఫిలిప్పీన్స్‌లో 355. ఈ దూరం నేల తుడిస్తే తగ్గేది కాదు. పాఠం ఎలా తయారవుతోంది, టీచర్‌కు ఎవరు తోడున్నారు అన్నచోట వెతకాలి.

రిటైరైన టీచర్నని చెబితే ఇక్కడ ఒక బడిలో ఒకటో తరగతి పాఠం చూడనిచ్చారు. మీ అక్క పక్కన నిలబడి మాటలు తెలుగులో చెబుతూ వచ్చింది. ఆ రోజు లెక్క 13లోంచి 9 తీసివేయడం. అదే ఎందుకు, 12లోంచి 3 ఎందుకు కాదు అని టీచర్లు ముందే కూర్చుని చర్చించుకున్నారట. 12లోంచి 3 అయితే పిల్లలు వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టేస్తారు. తొమ్మిది అంకెలు వెనక్కి నడవడం కష్టం గనుక ఇంకో దారి వెతుక్కోక తప్పదు. పదిలోంచి 9 తీస్తే ఒకటి, దానికి మిగిలిన మూడు కలిపితే నాలుగు. ఈ ఉపాయం టీచర్ చెప్పలేదు. ఒక పిల్లవాడు తడబడుతూ చెప్పాడు, ఇంకొక అమ్మాయి దాన్ని సరిదిద్దింది. టీచర్ ఇద్దరి మాటలూ బోర్డు మీద రాసింది. ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోయింది తప్ప ఏదీ చెరపలేదు. గంట కొట్టేసరికి పాఠమంతా బోర్డు మీద మొదలు నుంచి చదువుకోవచ్చు. గది వెనక నిలబడ్డ మిగతా టీచర్లు ఏ పిల్లవాడు నోట్‌బుక్‌లో ఏం రాశాడో, ఎక్కడ ఆగిపోయాడో రాసుకున్నారు. పిల్లలు ఇళ్లకు వెళ్లాక అందరూ కూర్చుని ఆ కాగితాల మీద మాట్లాడుకున్నారు. పాఠం ప్రణాళిక అందరూ కలిసి రాసిందే గనుక తప్పు దొరికినా ఒక్కరి మీద పడలేదు.

నేను పనిచేసినన్నాళ్లూ నా తరగతిలోకి ఇంకో టీచర్ వచ్చి కూర్చున్నది లేదు, ఇన్‌స్పెక్షన్‌కు తప్ప. అందుకే ఇది చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది.

దీనికోసం మీవాళ్లు టోక్యో దాకా రానక్కర్లేదు. క్వెజాన్ సిటీలో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన నిస్మెడ్ అనే సంస్థ ఇలా కలిసి పాఠం తయారుచేసి, చూసి, చర్చించుకునే పద్ధతి మీద చాలాకాలంగా టీచర్లతో పనిచేస్తోంది, వెళ్లి కలువు. టీచర్లు ఒకచోట కూర్చుని నేర్చుకోవడానికి లెర్నింగ్ యాక్షన్ సెల్ పేరుతో 2016లోనే అక్కడి విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. టీచర్ల మీద కార్యాలయపు పని తగ్గించమని 2024 జనవరిలో ఇంకోటి వచ్చింది. ఆ సెల్ సమయంలోకి సర్క్యులర్లూ ఫారాలూ దూరకుండా కాపలా కాయడమే నువ్వు చేయగల పెద్ద ఉపకారం.

భాష సంగతి కూడా చూడు. మూడో తరగతి దాకా మాతృభాషలోనే చెప్పాలన్న నియమాన్ని 2024లో కొత్త చట్టం తీసేసింది. ప్రాంతీయ భాషలను సాయంగా వాడుకోవచ్చని మాత్రం ఉంచింది. మనీలాలో టాగలాగ్ ఇంటిభాషే గనుక ఇబ్బంది తక్కువ. రేపు టాగలాగ్ ఇంటిభాష కాని వీసయాస్ దీవుల బడులకు వెళ్తే, పిల్లవాడు తన ఆలోచన ఇంటి మాటల్లో చెప్పడానికి ఆ వెసులుబాటును గట్టిగా వాడండి. నోరు తెరవని పిల్లలతో ఈ పాఠం నడవదు.

ఇక తిండీ పుస్తకాలూ. జపాన్‌లో బడి భోజనానికి 1954లో చట్టం వచ్చింది. పిల్లలే తెల్ల ఏప్రాన్లు కట్టుకుని వడ్డిస్తారు, టీచర్ అక్కడే కూర్చుని అదే భోజనం తింటారు. ఆ తర్వాతే ఊడ్చే పని. అంటే రోజంతా నడిచే బడి ఉంటేనే వడ్డనా చీపురూ కుదిరేది. పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఒక బ్యాచ్ నడిచే మీ బడుల్లో ఇవన్నీ ఎక్కడ ఇరికిస్తారు? ఫిలిప్పీన్స్‌లో 2018 చట్టం ప్రకారం పోషణ చాలని పిల్లలకు భోజనం పెడుతున్నారు, సంతోషం. పక్కవాడు చూస్తుండగా కొందరే తినే పరిస్థితి పోయి అందరూ కలిసి తినే రోజు రావాలని అడుగుతూ ఉండండి. పుస్తకాల మాట తలుచుకుంటేనే మనసు కష్టంగా ఉంది. 2012 నుంచి పదో తరగతి దాకా కొన్న పాఠ్యపుస్తకాలు 27 రకాలేనని ఆ దేశపు చట్టసభ వేసిన విద్యా కమిషనే 2024లో రాసింది. ఇక్కడ నిర్బంధ విద్యలో పుస్తకాలు 1963 నుంచే ఉచితం.

అయితే ఇక్కడిదంతా తీసుకోమని మాత్రం రాయకు. 2023లో 3 లక్షల 40 వేలకు పైగా ప్రాథమిక, మాధ్యమిక పిల్లలు బడికి దూరంగా ఉండిపోయారు. టీచర్లు చీకటి పడ్డాక కూడా బడిలోనే ఉంటారు. 1971 చట్టం ప్రకారం 2025 దాకా ఓవర్‌టైమ్ బదులు జీతంలో 4 శాతం కలిపి సరిపెట్టారు. అసలే అలసిపోయి ఉన్న మీ టీచర్ల నెత్తిన ఆ బరువు పెట్టొద్దు.

ఒక బడి, ఒక తరగతి, ఒక పాఠం చాలు మొదట. దాన్ని కొత్తగా చేరిన చిన్న టీచర్‌తో చెప్పించొద్దు, పదిమందిలో సిగ్గుపడే పరిస్థితి వస్తే మళ్లీ ఎవరూ తలుపు తీయరు. మాస్టర్ టీచర్ హోదా ఉన్నవాళ్లను అడుగు, లేదా ప్రిన్సిపాల్‌నే అడుగు. వాళ్లు ఒప్పుకుని పాఠం ఎంచుకున్నాక నాకు పంపు. లెక్కలదైతే ప్రణాళిక రాసేటప్పుడు నేనూ ఫోన్‌లో కూర్చుంటాను.

మీ పెదనాన్న