వరుసలో మన స్థలము

పాఠభాగములు: యోహాను 5:1-9, మార్కు 2:1-5, యాకోబు 2:1-4.



ఈ మాసపు పాఠమునకు మేము ఎన్నుకొన్న స్థలము మీకు వింతగా తోచవచ్చును. అది పొలము కాదు, బజారు కాదు, కచ్చేరి కాదు. దూరదేశములో పిల్లలు ఆడుకొను తోట. మన తిరునాళ్లలో రంగులరాట్నము, ఊయెలలు, బొమ్మల అంగళ్లు ఒకచోట చేరును గదా. అమెరికా దేశమున అట్టివాటినే విశాలమైన స్థలములలో శాశ్వతముగా కట్టి, వాటికి థీమ్ పార్కులని పేరు పెట్టిరి. హైదరాబాదు ప్రక్కన 2016లో తెరచిన వండర్‌లాను మన యౌవనస్థులలో కొందరు చూచియుందురు. అదియు ఆ కోవలోనిదే.

అచ్చటికి జనులు సంతోషించుటకే వత్తురు. అయినను ఆ సంతోషపు తోటలోనే "నేను అందరివంటివాడను కాను, నన్ను ముందు పంపుడి" అను స్వభావము బయలుపడినది. అది ఎట్లు బయలుపడెనో, దానివలన ఎవరు నష్టపోయిరో తెలిసికొనినయెడల, మన హృదయములను చూచుకొనుటకు మనకొక అద్దము దొరకును.

1. తోటలోని వరుసలు

1955 జూలై 17న కాలిఫోర్నియా రాష్ట్రములోని అనహైమ్ అను ఊర, చలనచిత్ర నిర్మాతయైన వాల్ట్ డిస్నీ తన డిస్నీలాండును తెరచెను. ఆ దినము పిలువబడినవారికి మాత్రమే ప్రవేశము. అయితే పిలుపు లేనివారు అనేకులు నకిలీ టిక్కెట్లు పట్టుకొని లోపలికి వచ్చిరి. తోటకు పుట్టినరోజే ఈ రోగమునకును పుట్టినరోజాయెను.

ఆ తరువాత చాల సంవత్సరములు టిక్కెట్ల పుస్తకములు అమ్మిరి. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క చీటీ చింపి ఇయ్యవలెను. 1982లో ఆ పద్ధతి పోయి, గుమ్మమునొద్ద ఒక్కసారి రుసుము చెల్లించిన చాలును అనిరి. అప్పటినుండి లోపల చెల్లించవలసినది డబ్బు కాదు, ఓర్పు. మూడు నాలుగు నిమిషముల సవారికొరకు గంట, కొన్ని దినములలో రెండు గంటలు నిలువవలసి వచ్చెను.

1999లో వారు ఒక మంచి ఏర్పాటు చేసిరి. ఎవరైనను ఉచితముగా ఒక చీటీ తీసికొని, అందులో వ్రాసిన వేళకు తిరిగి వచ్చి, తక్కువ ఆలస్యముతో లోపలికి పోవచ్చును. 2021లో దానికి బదులు డబ్బు చెల్లించువారికి వేరు వరుస ఏర్పడెను. 2024లో ఇంకను గొప్ప చీటీ ఒకటి వచ్చెను. ఫ్లోరిడాలోని డిస్నీవారి ముఖ్యమైన తోటలో, రద్దీ దినములలో, దానికి మనిషికి 400 డాలర్లకు పైగా చెల్లించవలెను. మన లెక్కలో 30,000 రూపాయలు దాటిన మాట. గుమ్మపు రుసుము ఇందులో చేరదు!

2. ముందు స్థలము మూడు విధములు

ముందు స్థలమంతయు పాపమని మేము చెప్పుట లేదు. అది మూడు విధములుగా వచ్చును. వీటిని వేరుపరచి చూడవలెను.

మొదటిది అవసరమునుబట్టి దొరకునది. చంటిబిడ్డతో తల్లిదండ్రులు వచ్చిరనుకొనుడి. ఆ సవారికి బిడ్డను తీసికొనిపోరాదు. అప్పుడు ఒకరు బిడ్డను ఎత్తుకొని ఉందురు, ఒకరు పోయి వత్తురు; తరువాత రెండవవారు మరల మొదటినుండి నిలువకుండ పోవచ్చును. ఇది దయగల ఏర్పాటు. అట్లే ఆటిజము అను స్థితితో పుట్టిన పిల్లలు గలరు. చూచుటకు వారు అందరి పిల్లలవలెనే ఉందురు. కాని వారిలో అనేకులకు ఆ జనసమ్మర్దము, ఆ చప్పుడు, గంటకొలది కదలక నిలుచుట భరింపరాని బాధ. అట్టివారిని వరుసలో నిలిపియుంచుట న్యాయము కాదు, క్రూరత్వము.

రెండవది ధనమునుబట్టి దొరకునది. దీనిలో అబద్ధము లేదు. ధర బహిరంగముగానే వ్రాసి ఉంచుదురు. అయితే డబ్బు చెల్లించినవాని వలన వెనుకనున్నవాని వరుస నెమ్మదిగా సాగును. ఇంకొక అపాయము కొన్నవాని హృదయములోనే ఉన్నది. నేడు "నేను కొంటిని" అనును. రేపు "నేను అర్హుడను" అనును. ఎల్లుండి వరుసలో నిలుచున్నవారిని చూచి "వీరు నావంటివారు కారు" అనును. యాకోబు తన పత్రికలో చెప్పినది ఈ మెట్లనుగూర్చియే. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి స్థలము చూపి, మురికిబట్టలవానిని క్రింద కూర్చుండుమనువారిని ఆయన గద్దించెను.

మూడవది అబద్ధమునుబట్టి తీసికొనునది. ఇదే మన పాఠమునకు ముఖ్యము.

3. దొంగిలింపబడిన స్థలము

2013 వరకు డిస్నీవారి అమెరికా తోటలలో అంగవైకల్యముగలవారికి ఒక సహాయపు చీటీ ఉండెను. దానిని చూపినవారిని, వారి కుటుంబమును పెక్కు ఆటలలో వేరు మార్గమున త్వరగా పంపుచుండిరి. ఆ సంవత్సరము మే మాసములో న్యూయార్కు పత్రిక ఒకటి ఒక సంగతి బయటపెట్టెను. కొందరు ధనవంతులు, తమ ఇంట ఏ రోగియు లేకపోయినను, అంగవైకల్యముగల మనిషిని గంటకు 130 డాలర్లకు కుదుర్చుకొని, తమ బంధువువలె వెంటబెట్టుకొని పోవుచున్నారట! ఒకని బలహీనతను మరియొకడు అద్దెకు తీసికొని దానిచాటున ముందుకు నడచెను.

ఫలితమేమి? 2013 అక్టోబరులో ఆ చీటీని రద్దుచేసి, దాని స్థానమున కొత్త పద్ధతి పెట్టిరి. దానిప్రకారము బలహీనుడు వరుసలో నిలువనక్కరలేదు గాని, వరుస ఎంతసేపో అంతసేపు వేరొకచోట కనిపెట్టి, చెప్పిన వేళకు తిరిగి రావలెను. వినుటకు ఇది న్యాయముగానే ఉన్నది. అనేకులకు ఉపయోగపడెను కూడ. కాని "తరువాత" అను మాట అర్థముకాని పిల్లల సంగతి ఏమి? తమ బిడ్డలు ఆ విధముగా కనిపెట్టలేరని కొందరు తల్లిదండ్రులు 2014లో న్యాయస్థానమునకు వెళ్లిరి. ఫ్లోరిడాలో ఒక వ్యాజ్యము సంవత్సరముల తరబడి నడచి, 2020లో న్యాయాధిపతి సంస్థవారి పక్షముగా తీర్పు చెప్పెను.

కథ అంతటితో ముగియలేదు. కొత్త సహాయము కోరువారును మితిమీరిరని చెప్పి, 2024లో నియమములను మరల బిగించిరి. ఆటిజము లేక దానివంటి స్థితి వలన వరుసలో ఎక్కువసేపు నిలువలేనివారికే ఈ సహాయమనిరి. అబద్ధమాడి పొందినట్లు తేలినవారిని శాశ్వతముగా బహిష్కరింతుమనిరి. దేహరోగములుగల అనేకులు "మా సంగతి ఏమి?" అని అడుగుచున్నారు. 2025లో కాలిఫోర్నియాలో ఇందునుగూర్చి మరియొక వ్యాజ్యము వేయబడెను.

ప్రియులారా, దీనిని గమనించుడి. అబద్ధమాడినవాడు ఆడుకొని ఇంటికి పోయెను. దాని వెల చెల్లించినది రోగియైన బిడ్డయు, వాని తల్లియు. ఆమె తన బిడ్డ వేదనను ఇప్పుడు క్రొత్తవారి యెదుట రుజువుపరచవలసివచ్చెను. బలహీనులకొరకు తెరచిన ద్వారమున బలవంతులు దూరినప్పుడు, ద్వారపాలకుడు ద్వారమునే ఇరుకు చేయును.

ఇది అమెరికావారి పాపము మాత్రమే అనుకొనవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో అర్హత లేనివారు కూడ అంగవైకల్యపు ధృవపత్రములు సంపాదించి పింఛను తీసికొనుచున్నారని, 2025లో పింఛనుదారులను తిరిగి పరీక్షించిరి. అందువలన నిజముగా నడువలేనివారును మరల ఆస్పత్రుల గుమ్మములు ఎక్కవలసివచ్చెను. పింఛను ఆగునేమో అని వారు పడిన భయము మీలో కొందరి ఇండ్లలోనే తెలియును.

4. కోనేటియొద్ద ఒక మనుష్యుడు

ఇప్పుడు యోహాను 5వ అధ్యాయము తెరచి చూతము. యెరూషలేములో బేతెస్ద అను కోనేరు. దానికి అయిదు మంటపములు. రోగులు, గ్రుడ్డివారు, కుంటివారు గుంపులుగా పడియున్నారు. వారిలో ఒకడు 38 ఏండ్లనుండి వ్యాధితో ఉన్నవాడు. ప్రభువు అతని అడిగినప్పుడు అతడు తన కష్టమునంతయు రెండు మాటలలో చెప్పెను. తన్ను దింపుటకు మనిషి లేడు. తాను వచ్చునంతలో మరియొకడు దిగును.

ఆ "మరియొకడు" ఎవడు? అతడును రోగియే కావచ్చును. అతనికిని అవసరము ఉండవచ్చును. కాని అతనికి కాళ్లలో కొంచెము ఎక్కువ బలమో, ప్రక్కన ఒక మనిషియో ఉండెను. వెనుక ఈడ్చుకొనుచు వచ్చువానివైపు అతడు తిరిగి చూడలేదు. ప్రభువైతే ఎవనివైపు చూచెనో గమనించుడి. ముందు దిగినవానిని కాదు, ప్రతిసారి వెనుకబడినవానిని వెదకి వచ్చెను. వాని యొద్ద సిఫారసు లేదు. ప్రభువు సిఫారసు అడుగలేదు.

మార్కు 2వ అధ్యాయములో దీనికి భిన్నమైన దృశ్యము గలదు. నలుగురు మనుష్యులు పక్షవాయువుగలవానిని మోసికొని వచ్చి, జనసమూహమును దాటలేక, ఇంటికప్పు విప్పి దింపిరి. వారును వరుస తప్పించినవారే గదా! అయితే ప్రభువు వారిని గద్దింపలేదు, వారి విశ్వాసమును చూచెను. ఏలయనగా ఆ నలుగురు తమకొరకు ఏమియు కోరలేదు. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టినయెడల మనకొక నియమము దొరకును: ఇతరుని ముందుకు పంపుటకు కప్పునైనను విప్పవచ్చును; మనము ముందుకు పోవుటకు ఒక అడుగైనను దొంగిలింపరాదు.

మన కాలములోను కప్పు విప్పినవారు గలరు. హెన్రీ లాండ్‌వర్త్ అను యూదుడు బాల్యములో నాజీల నిర్బంధ శిబిరములలో చిక్కి బ్రతికి బయటపడి, అమెరికా చేరి ఫ్లోరిడాలో హోటళ్లు నడిపెను. లుకేమియాతో ఉన్న ఒక ఆరేండ్ల బాలిక ఆ తోటలను చూడగోరెను. అయితే ప్రయాణపు ఏర్పాట్లు పూర్తికాకమునుపే ఆమె మరణించెను. ఆ మాట ఆయనను నిద్రపోనియ్యలేదు. ఇంకే బిడ్డయు అట్లు ఆలస్యమువలన నష్టపోకూడదని, 1986లో "గివ్ కిడ్స్ ది వరల్డ్" అను సేవను స్థాపించెను. ప్రాణాపాయపు వ్యాధులుగల పిల్లలకును వారి కుటుంబములకును అచ్చట ఒక వారము వసతి, భోజనము, తోటల టిక్కెట్లు ఉచితము. ఉదయపు ఫలహారమునకు ఐస్‌క్రీము అడిగినను ఇత్తురు! ఈ పిల్లలు ముందు పోవుట చూచి సణుగువాడెవడు?

5. చూపునుబట్టి తీర్పు తీర్చవద్దు

ఇచ్చట ఒక హెచ్చరిక. మోసగాండ్ర కథలు వినిన తరువాత మనము అందరిని అనుమానింప మొదలుపెట్టుదుము. "బాగుగానే నడచుచున్నాడే, వీనికేమి రోగము?" అందుము. కాని చెవిటితనము, మూర్ఛ, గుండెజబ్బు, ఆటిజము ముఖముమీద వ్రాసియుండవు. ప్రభువు యోహాను 7:24లో వెలిచూపునుబట్టి కాక న్యాయముగా తీర్పు తీర్చుమని బోధించెను. పరీక్షింపవలసినది ప్రక్కవాని కాళ్లను కాదు, మన మనస్సును.

6. మా ఒప్పుకోలు

ఇది వ్రాయుచున్న మేమును నిర్దోషులము కాము. ఒకప్పుడు చిన్న జ్వరముతో ఒక ఆస్పత్రికి వెళ్లితిమి. చీటీల కిటికీనుండి వరుస వరండా దాటి వేపచెట్టు వరకు ఉండెను. లోపల పనిచేయు ఒకరు మమ్మును గుర్తుపట్టి, "అయ్యగారూ, మీరిక్కడ నిలబడడమేమిటి, లోపలికి రండి" అనిరి. మేము కాదనలేదు. సత్యము చెప్పవలెనన్న, ఆ పిలుపుకొరకే అటు ఇటు చూచుచుంటిమి. తిరిగి వచ్చునప్పుడు వరుస మొదట ఒక ముసలమ్మ నేలమీద కూర్చుండి, కొంగు పరచి మనుమరాలిని పడుకొనబెట్టియుండెను. ఆమె మమ్మును నిందింపలేదు. "అయిపోయిందా నాయనా?" అని మాత్రము అడిగెను. మాకు జవాబు చెప్పుటకు నోరు రాలేదు. బేతెస్దలో ముందు దిగిన "మరియొకడు" ఎవడో ఆ దినము మాకు తెలిసెను.

ఇక మన సంఘములను చూచుకొందము. ప్రేమవిందులో మొదటి బంతికి ఎవరు కూర్చుందురు? కూడికలలో కుర్చీలు ఎవరికి, చాపలు ఎవరికి? బోరింగునొద్ద ముందునుండి పెట్టిన బిందెను ప్రక్కకు జరిపినది ఎవరి చేయి? మిషను వసతిగృహములో ఒక్క స్థలము ఖాళీగా ఉన్నప్పుడు, తండ్రిలేని బిడ్డకు రావలసిన దానిని "మేము సంఘపెద్ద బంధువులము" అని అడిగినది ఎవరు? ఇవన్నియు చిన్న సంగతులే. కాని 38 ఏండ్లు ఒక మనుష్యుని కోనేటి గట్టుమీద ఉంచినవి అట్టి చిన్న సంగతులే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ మాసములో మనము ఎచ్చటనైనను మన పేరు, బంధుత్వము, ఉద్యోగము చెప్పి ముందు స్థలము తీసికొంటిమా? అప్పుడు మన వెనుక ఎవరు ఉండిరి?

2. మన గ్రామములో "నన్ను దింపుటకు మనిషి లేడు" అని చెప్పదగినవారు ఎవరు? పింఛనుకొరకు, మందులకొరకు వారిని తీసికొనిపోవు నలుగురిని మన సంఘము ఏర్పరచగలదా?

3. రాబోవు ప్రేమవిందులో మొదటి బంతిని వృద్ధులకు, బలహీనులకు, పిల్లలకు విడిచి, పెద్దలు వడ్డించుటకు సమ్మతింతురా?

ప్రార్థన: ప్రభువా, వెనుకబడినవానిని వెదకి వచ్చినవాడా, మేము త్రోసికొనిపోయిన వారిని మాకు చూపుము. మా స్థలమును విడుచుటకు మాకు సంతోషమును, ఇతరులను మోయుటకు మా భుజములకు బలమును దయచేయుము. ఆమేన్.