పల్నాటి కొండల్లో జెర్రులు

మా ఊరు గురజాలకు దగ్గర. పొలం గట్టు మీద పడివున్న నాపరాయిని జరపబోయి మా అమ్మ ఒకసారి జెర్రి కాటు తిన్నది. చెయ్యి వాచి, రాత్రంతా మంటతో కూర్చున్నది. మర్నాడు ఆ గట్టు మీద కనబడ్డ ప్రతి రాయీ తిరగేసి, దొరికిన జెర్రినల్లా చంపాం. జెర్రిని గురించి అప్పటికి నాకు తెలిసిన శాస్త్రం అంతే. జంతుశాస్త్రం తీసుకున్న తర్వాత మరో ప్రశ్న పుట్టింది. నిప్పులు చెరిగే పల్నాటి వేసవిలో ఈ ప్రాణి ఎక్కడ తలదాచుకుంటుంది?

ముందు దాని శరీరాన్ని గమనిద్దాం. జెర్రి సంధిపాద జీవి. జెర్రిపోతు అనే పాముకూ దీనికీ పేరులో తప్ప పొత్తు లేదు. రోకలిబండకు ఒక్కొక్క ఖండితానికి సాధారణంగా రెండు జతల కాళ్ళుంటే, జెర్రికి ఒక్క జతే. రోకలిబండ కుళ్ళిన ఆకులు తింటుంది. జెర్రి వేటాడి బతుకుతుంది. ‘శతపాది’ అంటామేగాని, ఎదిగిన జెర్రుల కాళ్ళ జతలు 15 నుంచి 191 వరకు బేసి సంఖ్యలోనే ఉంటాయి. 50 జతలు సరిసంఖ్య గనుక, సరిగ్గా నూరు కాళ్ళున్న జెర్రి దొరకదన్నమాట! కాటు వేసేది కూడా నోటితో కాదు, విషపు కోరలుగా మారిన ముందు జత కాళ్ళతో.

అసలు కీలకం చర్మంలో ఉంది. కీటకాల ఒంటిని ఎండ నుంచి కాపాడే మైనపు పూత జెర్రులకు సరిగా ఉండదు. చాలావాటికి ఊపిరి రంధ్రాలు గట్టిగా మూసుకోవు. ఒంట్లో నీరు త్వరగా ఆవిరైపోతుంది. కనుక పగలు చెమ్మలో దాగి, రాత్రి బయటికి వస్తాయి. జెర్రులు ఎక్కడున్నాయో తెలియాలంటే, చెమ్మ ఎక్కడున్నదో వెతికితే చాలు.

నేను చూసినంతలో పల్నాడులో ఆ చెమ్మ తావులు మూడు రకాలు. మొదటిది గురజాల, పిడుగురాళ్ళ, మాచర్ల ప్రాంతపు నాపరాతి నేల. పైన రాయి కాలిపోతున్నా, పలకల సందుల్లో మన్ను చల్లగా ఉంటుంది. రెండవది మాచర్లకు పడమట నల్లమల అడవి: రాలిన ఆకులు, పుచ్చిన మాను, వాగు ఒడ్డు. మూడవది మనం కల్పించినది. 1967లో నాగార్జునసాగర్ నీరు వదిలాక కాలువ కింద తడిసిన గట్లు, పేడదిబ్బలు, స్నానాల గది మూలలు కూడా వాటికి ఇళ్ళయినాయి.

లిన్నేయస్ 1758లో పేరు పెట్టిన స్కోలోపెండ్రా మార్సిటాన్స్ ఉష్ణదేశాలన్నిటా వ్యాపించిన జాతి; దానికి 21 జతల కాళ్ళు. కొన్ని మాత్రం ఒక్క చోటు విడిచి రావు. జెర్రులలో ఒక క్రమమంతా టాస్మేనియా, న్యూజీలాండులలోనే ఉన్నది! ఎత్మోస్టిగ్మస్ ప్రజాతిపై జాహ్నవి జోషి, గ్రెగరీ ఎడ్జ్‌కోంబ్ 2019లో పరిశోధన ప్రచురించారు. దాని ప్రకారం ఆ జెర్రులు ద్వీపకల్పంలో ముందుగా పడమటి కనుమల దక్షిణ, మధ్య భాగాలలో జాతులుగా చీలి, తర్వాత తూర్పు కనుమలకు వ్యాపించాయి. మన నల్లమల ఆ తూర్పు కనుమలలోనిదే. కోట్ల సంవత్సరాల చరిత్ర ఒక రాతి కింద దాగి ఉంటుందంటే ఆశ్చర్యం కాదూ!

ఆ చరిత్రకు మన చేతుల్లోనే ముప్పున్నది. అడవిలో ఆకులకు నిప్పు పెట్టినా, రాళ్ళన్నీ పెకలించినా పోయేది చెమ్మ. చెమ్మతోపాటు బొద్దింకలనూ పురుగులనూ తినే ఈ వేటగాళ్ళూ పోతాయి. పెద్ద జెర్రి తల్లి తన గుడ్లను ఒంటితో చుట్టుకుని కాపాడుతుంది. రాయి తిరగేసి వదిలేస్తే ఆ పిల్లలకు ఎండే మృత్యువు.

కాటు తగిలితే సబ్బునీళ్ళతో కడగాలి. ఊపిరాడకపోయినా, వాపు పెరిగిపోతున్నా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ప్రాణం పోవడం మాత్రం చాలా అరుదు.

మా అమ్మ ఇప్పుడూ చేలో రాళ్ళు తీస్తుంది. కాకపోతే ముందు కర్రతో తట్టి, గడ్డపారతో లేపుతుంది. పోయినసారి సెలవులకు వెళ్ళినప్పుడు నేను ఒక రాయి ఎత్తి చూస్తుంటే అన్నది: “చూశావుగా, మళ్ళీ ఎట్లా ఉన్నదట్లా పెట్టెయ్యిరా. దానికీ ఇల్లు ఉండాలిగా!”