ఫోను లెక్క, ఆఫీసు లెక్క ఒకటిగా నుండవలెను

ఒకే యాప్‌ను చేతి ఫోనుకును, ఆఫీసు కంప్యూటరుకును చేయించునపుడు అందులో ఏది ఉమ్మడిగా నుండవలెనో ఈ పాఠములో చెప్పెదము.

ముందు మాకు జరిగినది. సెమిలిగుడ ఆఫీసులో నూలు ఇచ్చునపుడు కంప్యూటరులో లెక్క కట్టెడివారము. పిమ్మట మీరు ఇంటివద్దనే చూచుకొనుటకు ఫోను యాప్ చేయించితిమి. ఈ రెండింటిని ఇద్దరు వేరువేరుగా వ్రాసిరి. అక్కడనే చిక్కు వచ్చినది.

ఒక పడుగు 2400 పోగులు, 50 మీటర్ల పొడవు, 40 నంబరు నూలు. మొత్తము 1,20,000 మీటర్ల నూలు. చిలపకు 840 గజములు, అనగా సుమారు 768 మీటర్లు. కనుక 156¼ చిలపలు. 40 నంబరులో పౌనుకు 40 చిలపలు తూగును గనుక బరువు 1 కిలో 772 గ్రాములు. కంప్యూటరు ఇట్లే చెప్పినది. ఫోను మాత్రము 1 కిలో 620 గ్రాములే చాలునన్నది. వ్రాసినవారు 840 గజములను 840 మీటర్లుగా పట్టినారు! గుడ్డ అప్పగించునాడు మేము ఫోను లెక్కనే నమ్మినందున, 152 గ్రాములు ఎక్కువ వాడినట్లు నేతపనివారి పేర పడి, మజూరీలో కోత వచ్చినది. విచారించక కోసిన తప్పు మాది. ఆ సొమ్ము తిరిగి చెల్లించితిమి.

జాకార్డు అట్టల సంగతి మీ రెరిగినదే. 240 హుక్కుల జాకార్డుకు కొట్టిన అట్టలు, అదే రకపు జాకార్డు బిగించిన గుంట మగ్గము మీదను, స్టాండు మగ్గము మీదను ఒకే పువ్వును ఎత్తును. మగ్గమునకొక అట్టల వరుస కొట్టించువారు లేరు. యంత్రమునకు వ్రాసి యిచ్చు ఆజ్ఞల వరుసనే కోడ్ అందురు. నూలు, మజూరీ, తరుగు లెక్కల కోడ్ కూడ ఒక్కచోటనే వ్రాయించి, రెండింటికి అదే వాడవలెను.

ఇందుకు సాధనములు కలవు. గూగుల్ వారి ఫ్లటర్ 2018లో ఫోనుల కొరకు స్థిరముగా వెలువడి, 2022 నాటికి విండోస్ కంప్యూటరులకును వచ్చినది. దీనితో తెరలు సైతము ఒకే కోడ్‌తో చేయవచ్చును. లెక్కల భాగము మాత్రమే కలిపి, తెరలు వేరుగా చేసికొనదలచినవారికి 2023లో స్థిరపడిన కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్ కలదు.

తెరలు వేరుగా నుండుటయే మేలని మా అభిప్రాయము. ఆఫీసు పట్టీలో పన్నెండు గడులు పట్టును. దానినే ఫోనులో ఇరికించిన, చత్వారము వచ్చిన కండ్లకు చీమల బారువలె నుండును. ఫోనుకు పెద్ద అక్షరములు, ఫోటో తీయు వీలు కావలెను. కొండ మలుపులలో సిగ్నలు పోవును గనుక, వ్రాసినది తనవద్దనే దాచి, సిగ్నలు దొరకగానే పంపవలెను. కంప్యూటరుకు ఆ బాధ లేదు, అచ్చు తీయుటే ముఖ్యము.

ఇంకొక సంగతి. ఉమ్మడి కోడ్‌ను సవరించినంత మాత్రమున, ఇదివరకే మీ ఫోనులో నున్న యాప్ మారదు. కొత్త కూర్పు వేసికొనవలెను. పైన చెప్పిన 2400 పోగుల పడుగునే మీ ఫోనులో వేసి చూడుడు. 1 కిలో 772 గ్రాములు రానిచో అది పాత కూర్పు. తదుపరి నూలుకు వచ్చునపుడు ఫోను వెంట తెచ్చిన, ఆఫీసులోనే మార్చి ఇచ్చెదము.