తట్ట నుండి తాపీకి: నిర్మాణ వృత్తులలో గ్రామ యువజనులు

విశాఖపట్టణ నౌకాశ్రయము 1933లో సముద్ర నౌకలకు తెరువబడినది. అలల తాకిడి నుండి దాని ముఖద్వారమును కాపాడుటకై ఆనాటి ఇంజనీర్లు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు నౌకా నిర్మాణ కేంద్రమునకు శంకుస్థాపన చేసిరి. అచట తయారైన ‘జల ఉష’ను 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూగారు జలప్రవేశము చేయించిరి. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వెలసినది. 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి వేసిరి. 1992 ఆగస్టు 1న ప్రధాని శ్రీ పి. వి. నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి.

ఈ తేదీలను మనము శిలాఫలకములపై చదువగలము. పునాదులు త్రవ్వినవారు, కంకర మోసినవారు, పరంజాపై నిలిచి గోడ లేపినవారు మాత్రము ఏ ఫలకముపైనను కానరారు. వారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల పల్లెల నుండి వచ్చినవారే. నేటికిని వానలు లేని ఏడు, కోతలు ముగిసిన నెల, మన గ్రామముల యువకులు మూట కట్టుకొని ఆ నగరమునకే బయలుదేరుచున్నారు. తెల్లవారక పూర్వమే కూడలిలో నిలిచి, ఎవరు పిలిచిన వారి వెంట పోవుచున్నారు.

ఇట్లు వెళ్ళిన యువకుడు 20వ ఏట తట్ట నెత్తికెత్తుకొనును. ఎవరును పని నేర్పనిచో 40వ ఏటను అదే తట్టతో నుండును. అతని పక్కనే తాపీ పట్టిన మేస్త్రికి అంతకంటె ఎక్కువ కూలి ముట్టును. కనీస వేతనములను నిర్ణయించునపుడు ప్రభుత్వముసైతము నైపుణ్యము లేనివారు, కొంత గలవారు, పూర్తిగా గలవారు అని తరగతులుగా విభజించియే ధర కట్టుచున్నది. ఒక తరగతి నుండి మరొక తరగతికి ఎక్కించు మెట్టు శిక్షణ. ఆ మెట్టువద్దకు మన యువకులను చేర్చుటలో పంచాయతీ సభ్యులు చేయదగినది ఎంతయో కలదు. దానిని గూర్చియే ఈ పాఠము.

కూలికిని పనివానికిని గల భేదము

నిర్మాణపు పని చూచి నేర్చుకొనునదే, దీనికి బడి యెందులకు అని కొందరు అందురు. పెద్ద మేస్త్రి చేతి క్రింద పదేండ్లు గడపి పని నేర్చినవారు మనలో కలరు; వారి నేర్పు గౌరవింపదగినది. కాని చూచి నేర్చినవానికి ‘ఇట్లు చేయవలెను’ అని తెలియును. ‘ఎందుకు చేయవలెను’ అనునది తెలియకపోవచ్చును. ఆ కారణము తెలియనిచోటనే కట్టడము చెడును.

ఒక ఉదాహరణము చూతము. కాంక్రీటు బిగుసుగా నున్నప్పుడు సులభముగా పరచుటకై మరి రెండు బిందెల నీరు పోయుట మన కండ్లయెదుట జరుగుచునే యున్నది. పని తేలికయగును, కాని సిమెంటునకు కావలసిన దానికంటె ఎక్కువైన నీరు పిదప ఆవిరియై, ఆ తావులలో సన్నని రంధ్రములు మిగులును. కాంక్రీటు బలము తగ్గును. అట్లే శ్లాబు వేసిన తరువాత కనీసము 7 దినములు, ఎండలు మెండుగా నున్నపుడు 10 దినములు తడుపవలెను. రెండు దినములు తడిపి విడిచిన శ్లాబు పైకి బాగుగనే కనిపించును. లోపము ఏండ్ల తరువాత బయటపడును.

సముద్రతీరమున ఈ విషయము మరింత ముఖ్యమైనది. విశాఖపట్టణము, భీమునిపట్టణము, పూడిమడక వంటి చోట్ల గాలిలో ఉప్పు కలదు. ఆ ఉప్పు కాంక్రీటులోనికి దిగి ఇనుప కడ్డీని తినివేయును. త్రుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి, పైనున్న కాంక్రీటును పగులగొట్టును. అందువలననే తీరప్రాంతపు కట్టడములలో కడ్డీపై కాంక్రీటు పొర 45 మిల్లీమీటర్లకు తగ్గరాదని భారతీయ ప్రమాణము 456 చెప్పుచున్నది. కడ్డీ క్రింద సరియైన కవరు బ్లాకు పెట్టుట నిమిషము పని. కారణము తెలిసిన పనివాడు దానిని మరువడు.

కడ్డీలు వంచువాని పనియు నిట్టిదే. విశాఖ ఉక్కు కర్మాగారములో తయారైన కడ్డీలు దేశమున ఎన్నియో ఇండ్లలో కలవు. కడ్డీ ఎంత మంచిదైనను, స్తంభములో దానిని చుట్టియుండు రింగు కొనలను 135 డిగ్రీలకు లోనికి వంచనిచో, భూకంపము వచ్చినపుడు రింగు విచ్చుకొనును. 90 డిగ్రీలకు వంచుట సులభము. అందుచేత చాలామంది అచటనే ఆపుదురు. రసమట్టము, మూలమట్టము, తూకపు గుండు వాడుట, పటము చదువుట, సామగ్రి లెక్క కట్టుట ఇవన్నియు శిక్షణలో వరుసగా నేర్పబడును. వీనితోబాటు తలకు రక్షణ టోపీ, నడుమునకు రక్షణ పట్టీ లేక ఎత్తున పని చేయరాదను నియమము అలవడును. ప్రాణము నిలుపు పాఠమిదియే.

శిక్షణ ఇచ్చు సంస్థలు

నిర్మాణ పనివారి కొరకు ప్రత్యేకముగా నేర్పడిన సంస్థలలో ముఖ్యమైనది జాతీయ నిర్మాణ అకాడమీ. జనులు దీనిని ‘నాక్’ అని పిలుచుచున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, నిర్మాణ కాంట్రాక్టర్ల సంఘము కలిసి 1998లో దీనిని హైదరాబాదులో నెలకొల్పినవి. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు వేరుగా అదే పేరుతో సంస్థ ఏర్పడి, విశాఖపట్టణముతో సహా జిల్లాలలో శిక్షణ జరుపుచున్నది. తాపీపని, కడ్డీల పని, విద్యుత్ తీగల పని, నీటి గొట్టముల పని, వెల్డింగు, రంగుల పని, భూమి కొలత మున్నగునవి ఇందలి పాఠ్యాంశములు. చదువు మధ్యలో ఆపినవారికి సైతము పనికివచ్చునట్లు తక్కువ కాలపు శిక్షణలు కలవు.

పదవ తరగతి ముగించినవారికి పారిశ్రామిక శిక్షణ సంస్థలు కలవు. విశాఖపట్టణములో కంచరపాలెమునందు ప్రభుత్వ ఐ.టి.ఐ. ఉన్నది. వెల్డరు, ప్లంబరు శిక్షణలు ఒక సంవత్సరము. ఎలక్ట్రీషియను శిక్షణ రెండు సంవత్సరములు. అటుపిమ్మట 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద కర్మాగారములలో భృతితో పని నేర్చుకొను వీలు కలదు. గ్రామీణ పేద యువజనుల కొరకు 2014లో దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఆరంభమైనది.

ఇక ధర్మసంస్థల సంగతి. ఉత్తరాంధ్రలో రాజామునందు జి.ఎమ్.ఆర్. వరలక్ష్మి ఫౌండేషను గ్రామీణ యువతకు వృత్తి శిక్షణ నిచ్చుచున్నది. నెల్లూరు జిల్లా వెంకటాచలములో స్వర్ణభారత్ ట్రస్టు ఇట్టి సేవయే చేయుచున్నది. విదేశములలోను ఇట్టివి కలవు. ఇంగ్లండులో కన్‌స్ట్రక్షన్ యూత్ ట్రస్టు అను ధర్మసంస్థ నిర్మాణ రంగములోని ఉద్యోగములను గూర్చి యువజనులకు తెలిపి, వారిని యజమానులతో కలుపుటయే పనిగా పెట్టుకొన్నది.

ఈ చివరి మాటను గమనింపవలెను. నిర్మాణమనగా ఇటుకయు ఇసుకయు మాత్రమే కాదు. భూమిని కొలుచువాడు, పటము గీయువాడు, అంచనా కట్టువాడు, క్రేను నడుపువాడు, నాణ్యత పరీక్షించువాడు, వీరందరును నిర్మాణపు పనివారే. మన యువకునికి ఈ తలుపులు ఉన్నవనియే తెలియదు. తెలియని తలుపును ఎవరును తట్టరు. తెలిసిన తరువాతను మరొక చిక్కు కలదు. శిక్షణ ముగిసి నగరములో పని దొరకిన యువకునికి మొదటి జీతము నెల గడచిన తరువాతనే ముట్టును. ఆ నెలలో గది అద్దె, తిండి, బస్సు ఛార్జీ ఎవరిత్తురు? ఆ చిన్న మొత్తము లేక ఇంటికి తిరిగివచ్చిన యువకుని శిక్షణ వ్యర్థమగును. ఊరిలోని దాతలు ఆ ఒక్క నెల ఖర్చును అప్పుగానైనను ఇచ్చినచో, అది అన్నదానమునకు తీసిపోని దానము.

మన బిల్లులోని సుంకము

పంచాయతీ సభ్యులు తప్పక తెలిసికొనదగిన విషయమొకటి కలదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమము కొరకు 1996లో పార్లమెంటు చట్టము చేసెను. దాని ననుసరించి మన రాష్ట్రములో 2007లో సంక్షేమ మండలి ఏర్పడినది. నిర్మాణపు ఖర్చుపై 1 శాతము సుంకము వసూలు చేసి ఆ నిధికి చేర్చుచున్నారు. 2025 నవంబరు 21 నుండి నూతన కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చి, ఆ చట్టము స్థానమును గ్రహించినవి. సుంకమును, నమోదును వానియందును నిలిచినవి.

మన గ్రామములో 20 లక్షల రూపాయలతో సిమెంటు రోడ్డు వేసినచో, 20 వేల రూపాయలు ఈ నిధికి పోవును. ప్రభుత్వ పనుల బిల్లులలో నిర్మాణ అకాడమీ పేర స్వల్ప భాగమును మినహాయించు పద్ధతియు కలదు. అనగా ఈ శిక్షణలకును, ఈ సంక్షేమమునకును మన రోడ్డు, మన మురుగుకాలువ, మన బడి గది ధనము ఇచ్చుచున్నవి. బిల్లుపై సంతకము చేయు మనమే ఆ ఫలమును మన పిల్లలకు అందింపనిచో, తప్పు వేరొకరిది కాదు.

సంక్షేమ నిధి నుండి సహాయము పొందుటకు కార్మికుడు తన పేరు నమోదు చేయించుకొనవలెను. 18 ఏండ్లు నిండి 60 ఏండ్లు నిండనివారు, గత 12 నెలలలో కనీసము 90 దినములు నిర్మాణపు పని చేసినవారు ఇందులకు అర్హులు. ప్రమాదము, ప్రసూతి, పిల్లల చదువు మున్నగు సందర్భములలో సహాయమును చట్టము పేర్కొన్నది. పరంజాపై నుండి జారిపడిన వాని పేరు ఏ పుస్తకములోను లేనిచో, అతడు పనివాడని ఋజువు చేయుటయే ఇంటివారికి మొదటి కష్టమగును. ఆ దుఃఖములో వారు కాగితముల కొరకు తిరుగవలసిన గతి పట్టరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. గ్రామములో 18 నుండి 35 ఏండ్ల లోపు యువతీయువకుల పట్టిక వ్రాయింపుడు. చదువు, ఇప్పుడు చేయుచున్న పని, నేర్వగోరు వృత్తి అందు చేర్పుడు. 18 ఏండ్లు నిండని పిల్లలను ఎవరు తీసికొనిపోజూచినను నిర్మాణ స్థలములకు పంపనీయకుడు. వారి స్థానము బడి.

2. శిక్షణ సంస్థకు యువకులతోబాటు తలిదండ్రులనుగూడ తీసికొనిపొండు. ఫీజు ఎంత, వసతి కలదా, ఇచ్చు పత్రమునకు ప్రభుత్వ గుర్తింపు కలదా, పూర్వము చదివినవారు ఎచట పని చేయుచున్నారు అను నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఉద్యోగము ఇప్పింతునని ముందుగా డబ్బు కోరు దళారిని నమ్మకుడు.

3. స్త్రీలను మరువకుడు. నిర్మాణ స్థలములలో స్త్రీలు ఇసుక, ఇటుక మోయుచునే యున్నారు. వారి చేతికి తాపీ మాత్రము అరుదుగా దక్కుచున్నది. కేరళలో కుటుంబశ్రీ మహిళా బృందములు తాపీపని నేర్చి గృహములు కట్టినవి. మన పొదుపు సంఘముల స్త్రీలకు అది అసాధ్యము కాదు.

4. నిర్మాణపు పనికి పోవు ప్రతివాని పేరును సంక్షేమ మండలిలో నమోదు చేయింపుడు. పని చేసిన దినముల లెక్కను చిన్న పుస్తకములో వ్రాసికొను అలవాటు చేయుడు. నమోదును గడువు దాటక పునరుద్ధరింపజేయుడు.

5. పంచాయతీ పనులలో శిక్షణ పొందిన గ్రామ యువకులకు అవకాశమిమ్మని కాంట్రాక్టరును కోరుడు. వారు కట్టిన గోడ వారికి పరిచయపత్రమగును. మన పనికిని నాణ్యత చేకూరును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు కప్పులు ఎగిరిపోయినవి, గోడలు కూలినవి, విద్యుత్ స్తంభములు నేలకొరిగినవి. ఆ దినములలో పని తెలిసినవాని విలువ ఎంతటిదో నగరము తెలిసికొన్నది. తుపానులు మరల వచ్చును. ఓడరేవులు, కర్మాగారములు, ఇండ్లు మరల కట్టబడును. కట్టువారు మన పల్లెల నుండియే పోవుదురు. వారు తట్టతో పోవుట, తాపీతో పోవుట అను రెండింటిలో నేది జరుగవలెనో రాబోవు గ్రామసభలోనే మనము నిర్ణయింపవచ్చును.

గ్రామసభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామము నుండి నిర్మాణపు పనికి పోవువారు ఎందరు? వారిలో నమోదైనవారు ఎందరు?

2. గత మూడేండ్లలో మన పంచాయతీ పనుల బిల్లుల నుండి సుంకముగా ఎంత ధనము పోయినది?

3. మనకు దగ్గరగా నున్న శిక్షణ కేంద్రము ఏది? ఈ సంవత్సరము అచటికి ఎవరిని పంపగలము?

4. శిక్షణ ముగించిన యువకునికి మొదటి నెల ఖర్చు సమకూర్చుటకు ఊరిలో ఎవరు ముందుకు వత్తురు?