ప్రత్యామ్నాయము - వికల్పము - అనుకల్పము: ఒక అర్థవిచారము

ఆంగ్లమునందలి 'ఆల్టర్నేటివ్' అను పదమునకు నేటి తెలుగున 'ప్రత్యామ్నాయము' రూఢమైనది. ప్రత్యామ్నాయ పంటలు, ప్రత్యామ్నాయ మార్గము, ప్రత్యామ్నాయ ఏర్పాట్లు అను ప్రయోగములు పత్రికలయందు నిత్యము కనబడుచున్నవి. అయితే కోరి ఎన్నుకొనదగిన రెండవది వేరు. మొదటిది లభింపనప్పుడు ఆశ్రయింపదగినది వేరు. ఈ భేదమును మన శాస్త్రములు సూక్ష్మముగా వివేచించినవి.

ఆంగ్లపదమునకు మూలము లాటిన్ భాషలోని 'ఆల్టెర్'. రెండింటిలో నొకటి యని దాని యర్థము. అందలి ప్రత్యయము సంస్కృత 'అన్యతర' శబ్దమందలి 'తర' ప్రత్యయమునకు సజాతీయము. ఆంగ్లపదము రెండింటికే చెల్లునని కొందరు నియమించినను వ్యవహారమున అది నిలువలేదు. సంస్కృతమున పెక్కింటిలో నొకదానికి 'అన్యతమ' శబ్దము ప్రత్యేకముగా కలదు.

పాణిని ఐచ్ఛికవిధులను వా, విభాషా, అన్యతరస్యామ్ అను పదములతో తెలిపెను. సంప్రదాయజ్ఞులు వీనిని సమానార్థకములుగా గ్రహించిరి. పాల్ కిపార్‌స్కీ 1979లో వెలువరించిన గ్రంథమున, 'వా' అధికప్రయోగమును, 'విభాషా' అల్పప్రయోగమును, 'అన్యతరస్యామ్' సమప్రయోగమును సూచించునని ప్రతిపాదించెను.

మీమాంసకుల విచారము ఇంకను లోతైనది. యాగమునకు వ్రీహులు, యవలు తుల్యబలముతో విహితములు. కావున అచట వికల్పము. వికల్పము అష్టదోషదుష్టమగుటచే గత్యంతరము లేనప్పుడే వారు దాని నంగీకరించిరి. వ్రీహులతో నారంభించిన కర్మయందు అవి నశించినచో నేమి గ్రహింపవలెను? యవలును విహితములే కదా యని తోచును. కాని జైమినీయ షష్ఠాధ్యాయ తృతీయపాద సిద్ధాంతము వేరు. స్వీకరించిన ద్రవ్యమునకు సదృశమైనదే ప్రతినిధి. కనుక నీవారములే గ్రాహ్యములు. దేవతకు, అగ్నికి, మంత్రమునకు ప్రతినిధియే లేదు. అనగా వికల్పమైనంతమాత్రమున నొకటి ప్రతినిధి కాజాలదు.

ధర్మశాస్త్రమున ముఖ్యకల్పము, అనుకల్పము అను విభాగము కలదు. ముఖ్యకల్పమునకు శక్తి యుండియు అనుకల్పమును పట్టువానికి పరలోకఫలము లేదని మనువు ఏకాదశాధ్యాయమున చెప్పెను. కృచ్ఛ్రాది ప్రాయశ్చిత్తముల నాచరింపలేనివారికి విధించిన గోదానాదులకే నిబంధగ్రంథములలో ప్రత్యామ్నాయమని పేరు. అందుచే ఈ పదము మూలార్థమున అనుకల్పమునకు సన్నిహితము, వికల్పమునకు కాదు.

ఇది కేవల శబ్దచర్చ కాదు. భూమి కోల్పోయినవారికి 'ప్రత్యామ్నాయ స్థలము' ఇత్తుమనినచో, అది తుల్యబలమైనదియా, కొరత తీర్చునదియా యను సంశయము పుట్టును. ప్రశ్నపత్రమున రెండింటిలో నొకదానికి సమాధానము వ్రాయుమనుట వికల్పము. వానలు లేక వరికి మారుగా మెట్టపంట వేయుట అనుకల్పము. కంప్యూటరులోని సమాచారమునకు వేరుచోట భద్రపరచిన నకలు ఈ రెండును కాదు. అది ప్రతి మాత్రమే.

వ్యవహారమున స్థిరపడిన ప్రత్యామ్నాయ శబ్దమును తొలగింప పనిలేదు. కాని అర్థనిర్ణయము ముఖ్యమైన శాస్త్ర, శాసన రచనలయందును, అనువాదములందును, ఎంపికకు వికల్పమును, కొరత తీర్చుదానికి అనుకల్పమును వాడుట యుక్తము. విద్యార్థులకు ఈ భేదమును బోధించుట మన కళాశాలల కర్తవ్యము.