సౌర ఘటములందలి సూక్ష్మ లోపములు

తల్లిదండ్రులారా,

మన తళవాయిపురమున కుట్టుపని యెరిగినవారు పెక్కుమంది కలరు. బట్టలో ఒక పోగు తెగినయెడల ఏమగునో వారికి వేరుగ చెప్పనక్కరలేదు. చిన్న రంధ్రము పెద్దదగును. సకాలమున రఫూ చేసినచో బట్ట నిలుచును. నేటి సౌర ఘటముల పరిశోధనలో ఒక ముఖ్యభాగము ఇట్టిదే.

ఇండ్లపై కనబడు సౌర పలకలు చాలమట్టుకు సిలికానుతో చేయబడినవి. సిలికాను 1414 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి గాని కరగదు; కనుక దానిని స్ఫటికముగ చేయుటకు అధిక శక్తి వ్యయమగును. పెరోవ్‌స్కైటు మార్గము వేరు. ఈ పేరుగల ఖనిజమును 1839లో గుస్తావ్ రోజ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు యూరల్ పర్వతములనుండి వచ్చిన రాతిలో గుర్తించెను. అట్టి నిర్మాణమే కల కృత్రిమ పదార్థమును ద్రావకమందు కరగించి, గాజుపై పలుచగ పూసి, సుమారు 100 డిగ్రీల వేడిమియందు ఆరబెట్టిన చాలును.

2009లో జపానునందు మియసాక మొదలగువారు నిర్మించిన ఘటము సూర్యరశ్మిలో 3.8 శాతమును మాత్రమే విద్యుత్తుగా మార్చెను. నేడు ప్రయోగశాలలందలి చిన్న ఘటములు 26 శాతమును దాటినవి. ఈ వృద్ధికి లోపముల దిద్దుబాటు ఒక ముఖ్య కారణము.

పూత త్వరగ ఆరునపుడు స్ఫటికమునందు అక్కడక్కడ అయొడిను అయానులు లోపించి ఖాళీలు ఏర్పడును. స్ఫటిక రేణువులు కలియుచోట సందులు మిగులును. వెలుతురు తాకి విడివడిన ఎలక్ట్రాను ఆ లోపములందు చిక్కుకొని, తీగను చేరకయే తన శక్తిని వేడిగా పోగొట్టుకొనును. తేమయు ఆ సందులనుండియే లోన ప్రవేశించి పూతను చెరచును. ఆ చోట్లకు అంటుకొను తగిన అణువులను చేర్చి వానిని కప్పుటయే శాస్త్రజ్ఞులు చేయు రఫూ. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమందు డాక్టరేటు పొందిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ స్విట్జర్లాండునందు ఈ ఘటములపై పెక్కేండ్లు పరిశోధన సలిపిరి.

అయినను పని ముగియలేదు. సిలికాను పలకలకు సాధారణముగ 25 ఏండ్ల పూచీ ఇత్తురు. పెరోవ్‌స్కైటు అంతకాలము ఎండవానలకు నిలుచునని ఇంకను రుజువు కాలేదు. మంచి ఫలితమిచ్చు ఘటములలో సీసము కలదు. పలక పగిలినయెడల అది నేలలో చేరకుండ చూడవలెను. కనుక ఇప్పుడు ఇంటిపై పలకలు పెట్టదలచినవారు వీనికై వేచియుండ పనిలేదు.

ఈ పాఠమును పిల్లలచే బిగ్గరగ చదివించి, ఎలక్ట్రాను ఎచ్చట, ఏల చిక్కుకొనునో తెలుగున చెప్పింపుడు. చెప్పలేకపోయిన యెడల ఆ లోపము మా బోధనలోనిది. మాకు తెలియజేయుడు, మరల బోధింతుము.